పాత జీపులో 4ఎల్ వేస్తే లివరు వెనక్కి రావడం లేదు, నేరుగా పోతున్నా బండి కుదుపుతోంది

కొత్తస్టీరింగ్:

అందరికీ నమస్కారం. బండి పాత జీపు రకం. ముందూ వెనకా గట్టి ఇరుసులు, కమాను కట్టలు, నాలుగు గేర్లు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (గేర్ బాక్స్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) ఒకటే లివరు, దాని వరస 2హెచ్ (వెనక చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగు చక్రాలకీ), ఎన్ (న్యూట్రల్), 4ఎల్ (నాలుగు చక్రాలకీ, లో గేరులో). ముందు చక్రాలకి చేత్తో తిప్పే హబ్‌లు (చక్రాన్ని ముందు ఇరుసు షాఫ్ట్‌కి కలిపేవి, విడదీసేవి), వాటి మీద ఫ్రీ, లాక్ అని ఉంది. హ్యాండ్‌బుక్ దొరకలేదు. ముందు ఇరుసు ఎప్పుడో మార్చారని మాత్రం తెలుసు. ముందు టైర్లు, వెనక టైర్లు ఒకటే సైజు, అరుగుదల కూడా దాదాపు ఒకటే.

ఫోర్ వీల్ పని చేస్తోందో లేదో చూద్దామని హబ్‌లు లాక్ చేసి, కాంక్రీటు నేల మీద 4ఎల్ వేశాను. కాస్త దూరం పోగానే స్టీరింగ్ బరువెక్కింది. మలుపు తిప్పితే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఆగి ఆగి ఎగిరింది. నేరుగా పోయినా అదే కుదుపు, కాకపోతే కొంచెం తక్కువ. ఆపి లివరు లాగితే 4ఎల్ లోంచి కదల్లేదు. రివర్స్‌లో కొంత వెనక్కి పోనిచ్చాక ఠప్పున శబ్దం చేసి వచ్చింది.

అడగదలచుకున్నవి ఇవి. లివరు ఇరుక్కోవడం ట్రాన్స్‌ఫర్ కేస్ లోపమా? 4హెచ్, 4ఎల్ ఎక్కడ వాడాలి, బండి నడుస్తుండగా వేయవచ్చా? హబ్‌లు ఎప్పుడూ లాక్‌లోనే ఉంచితే నష్టమా? ఇంకొకటి, 4ఎల్ లో దిగుడు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే ఒక్కోసారి లివరు దానంతట అదే ఎన్ లోకి జారిపోతోంది. దీనికి కారణం ఏమై ఉంటుంది?


రెండోలివరు:

లివరు ఇరుక్కోవడానికి ట్రాన్స్‌ఫర్ కేస్‌ని తప్పు పట్టకండి. కాంక్రీటు మీద 4ఎల్ వేస్తే లోపం లేని బండి కూడా అంతే చేస్తుంది.

మీ బండిది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లేదు. ఇరుసు లోపల ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉంటుంది, అది వేరు. 4హెచ్ గానీ 4ఎల్ గానీ వేశారంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఇరుసుకి బలం తీసుకెళ్లే కడ్డీ), వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకదానికొకటి ఇనుముతో బిగిసిపోతాయి. వెనకది ఎన్ని చుట్లు తిరిగితే ముందుదీ అన్నే తిరగాలి. మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయం మీద పోతాయి, వెనకవి లోపలి వలయం మీద పోతాయి. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు ఉన్న బండి, వెనక ఇరుసు మధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్థంలో ఒక్క సమకోణం మలుపు తిరిగిందనుకోండి. వెనక ఇరుసు 7.85 మీటర్లు, ముందు ఇరుసు దాదాపు 8.7 మీటర్లు నడుస్తాయి. ఆ 86 సెంటీమీటర్ల తేడాని, చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.1 అనుకుని లెక్కేస్తే, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనకదాని కంటే ఒకటిన్నర చుట్లకి పైగా ఎక్కువ తిరగాలి. అలా తిరిగే దారి దానికి లేదు. టైరు జారితే సరే. కాంక్రీటు మీద టైరు జారదు కాబట్టి ఆ ఒకటిన్నర చుట్లు షాఫ్టుల్లో మెలిగా నిలుస్తాయి. మెలి టైరు పట్టుని మించినప్పుడల్లా టైరు ఒక్కసారి గెంతుతుంది. మీకు తగిలిన ఎగురుడు అదే. గెంతకపోతే హాఫ్ షాఫ్టో (ఇరుసు లోపల ఒక్కో చక్రాన్ని తిప్పే కడ్డీ), క్రాస్ జాయింటో (కోణంలో తిరగనిచ్చే కీలు), హబ్ పళ్లో ఆ భారం తీసుకుంటాయి.

ఆ మెలి ఉన్నంతసేపూ ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల జరిగే స్లీవు (గేర్లని కలిపే పళ్ల రింగు) పళ్లు రెండు వైపులా ఒత్తుకుని బిగిసి ఉంటాయి. లివరు రాకపోవడానికి కారణం అంతే. గట్టిగా లాగితే స్లీవుని జరిపే ఫోర్కు వంగుతుంది, లేదా లివరు కింద పిన్ను తెగుతుంది. మెలిని విప్పాలి. ఏ మలుపు తిరిగి బిగుసుకుందో, స్టీరింగ్ అలాగే పట్టుకుని అదే దారిలో రివర్స్‌లో వెనక్కి పోనివ్వండి. లివరు మీద చేత్తో కొద్దిగా ఒత్తిడి పెట్టి ఉంచితే మెలి సున్నాకి వచ్చిన క్షణాన అదే జారి వస్తుంది. ఒక పక్క చక్రాలని మట్టిలోకి దించగలిగితే ఇంకా సులువు. కదిలే చోటు లేకపోతే ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపండి. నేల వదలగానే ఆ చక్రం ఒక్క ఉదుటున తిరుగుతుంది, కాబట్టి మిగతా చక్రాలకి దిమ్మెలు పెట్టి, చేతులూ కాళ్లూ దూరంగా ఉంచి లేపాలి.

ఇక వాడకం. ఫోర్ వీల్ వేయాల్సింది టైరు జారే నేల మీదే: బురద, ఇసుక, వదులు గులక, తడి గడ్డి, మంచు. గట్టి పొడి రోడ్డు మీద వద్దు. వాన పడుతున్న తారు రోడ్డు మీద కూడా 2హెచ్ లోనే నడపండి. తడి తారు పైకి జారుడుగా కనిపించినా ఈ మెలిని వదిలించేంత జారదు.

హబ్‌లు దిగబడకముందే లాక్ చేయండి. మోకాలి లోతు బురదలో చక్రం మునిగాక హబ్ వెతుక్కోవడం కష్టం. హబ్‌లు లాక్‌లో ఉంటే, నేరుగా పోతూ, యాక్సిలరేటర్ వదిలి 2హెచ్ నుంచి 4హెచ్ కి నడుస్తుండగానే మార్చవచ్చు. అప్పటికే ముందు చక్రాలు ముందు షాఫ్ట్‌ని తిప్పుతూ ఉంటాయి, రెండు షాఫ్టులూ ఒకే వేగంలో ఉంటాయి, స్లీవు తేలిగ్గా కలుస్తుంది. హబ్‌లు ఫ్రీలో ఉండగా నడుస్తూ 4హెచ్ వేస్తే ముందు షాఫ్ట్ కదలకుండా ఉంటుంది, వెనకది తిరుగుతూ ఉంటుంది, పళ్లు గరగరలాడతాయి. హ్యాండ్‌బుక్ లేని బండి కాబట్టి గంటకి 30 కిలోమీటర్ల లోపే మార్చడం మంచిది. వెనక చక్రాలు సుడి తిరుగుతుండగా మాత్రం ఎప్పుడూ వేయకండి.

4ఎల్ కి బండి ఆపాలి. క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు న్యూట్రల్ చేసి, లివరుని ఎన్ దాటించి ఒకే కదలికలో చివరిదాకా లాగండి. పాత ట్రాన్స్‌ఫర్ కేసుల్లో లో గేరుకి సాధారణంగా సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) ఉండదు, పన్నుకి పన్ను ఎదురైతే పడదు. అప్పుడు బలం చేయకుండా, మొదటి గేరు వేసి క్లచ్ కొంచెం వదిలి మళ్లీ తొక్కండి. గేర్లు కాస్త తిరిగి పళ్ల సందు దొరుకుతుంది. లివరు ఎన్ లో ఉండగా బండి గేరులో ఉన్నా దొర్లిపోతుందని గుర్తుంచుకోండి. ఇంజనుకీ చక్రాలకీ సంబంధమే ఉండదు. ఏటవాలు నేల మీద మార్చేటప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి ఉండాలి.

ఒక హెచ్చరిక: హబ్‌లు ఫ్రీలో ఉంచి 4ఎల్ లో బరువు లాగకండి. లో గేరు ఇంజను బలాన్ని ఇంకో రెండింతల పైన పెంచుతుంది, అదంతా ఒక్క వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక హాఫ్ షాఫ్ట్ విరగడానికి ఇది బాగా తెలిసిన దారి.


ఇరుసులెక్క:

పైన చెప్పినదంతా సరైనదే. కానీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగాలి. "నేరుగా పోయినా అదే కుదుపు" అన్నారు. మలుపులో కుదుపు సహజం. నేరుగా పోతుంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం నడుస్తాయి, మెలి పడకూడదు. పడుతోందంటే ముందుకీ వెనకకీ లెక్క కలవడం లేదు. ముందు ఇరుసు మార్చిన బండి అని కూడా మీరే రాశారు.

కారణాలు రెండే. మొదటిది టైర్లు. ఒకే సైజు అని రాసి ఉన్నా చాలదు. 700 మి.మీ. వ్యాసం ఉన్న టైరు తొక్కు 4 మి.మీ. అరిగితే చుట్టుకొలత 25 మి.మీ. తగ్గుతుంది, వంద మీటర్లకి 1.1 మీటర్ల తేడా. మట్టిలో ఇది తెలియదు, గట్టి నేల మీద తెలుస్తుంది. కొలవడానికి టైరు కింద సుద్దతో గీత గీసి, గాలి సమానంగా ఉంచి, బండిని నేరుగా పది చుట్లు దొర్లించి టేపు పెట్టండి. ఒక్క చుట్టు కొలిస్తే టేపు పొరపాటే పెద్దదిగా కనిపిస్తుంది. మీవి సమానంగా అరిగాయంటున్నారు, కాబట్టి నా అనుమానం రెండోదాని మీద.

రెండోది క్రౌన్ పినియన్ నిష్పత్తి, అంటే ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రానికీ (క్రౌన్) దాన్ని తిప్పే చిన్నదానికీ (పినియన్) ఉన్న పళ్ల లెక్క. పాత జీపుల్లో ఒకే రకం ఇరుసు వేర్వేరు నిష్పత్తులతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీకి 4.88 ఉంటే, 1945లో మొదలైన సీజే-2ఏకి 5.38. బయటి నుంచి చూస్తే ఇరుసుల్లో తేడా పోల్చుకోవడం కష్టం. ఇరుసు వంగిందనో, గొట్టం పగిలిందనో ఇంకో బండిది తెచ్చి బిగించినప్పుడు ఈ తేడా తెలియకుండా లోపలికి వచ్చేస్తుంది. హబ్‌లు ఫ్రీలో ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు.

విప్పకుండానే తేల్చుకోవచ్చు. ముందు ఇరుసుకి: వెనక చక్రాలకి రెండు పక్కలా దిమ్మెలు, లివరు 2హెచ్ లో, రెండు హబ్‌లూ లాక్‌లో. ఒక ముందు చక్రాన్ని మాత్రమే లేపి ఇరుసు కింద స్టాండు పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా, దాని పక్కనున్న స్థిరమైన చోటా సుద్ద గీత గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పుతూ, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరిని లెక్కపెట్టమనండి. ఎదుటి చక్రం నేల మీద కదలకుండా ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్ లెక్క సగానికి వస్తుంది. వచ్చిన అంకెని 10తో భాగిస్తే అదే నిష్పత్తి. 41 వస్తే 4.1 అన్నమాట. రెండో హబ్ కూడా లాక్‌లో ఉండాలని ఎందుకంటున్నానంటే, అది ఫ్రీలో ఉంటే అటువైపు హాఫ్ షాఫ్ట్ వెనక్కి తిరిగిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలదు.

వెనక ఇరుసుకీ ఇదే పద్ధతి. ఈసారి దిమ్మెలు ముందు చక్రాలకి, లివరు 2హెచ్, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదిలి. రెండు అంకెలూ ఇక్కడ రాయండి.


కొత్తస్టీరింగ్:

చాలా థాంక్సండి ఇద్దరికీ. ఈరోజే లెక్కపెట్టాం. ముందు 20 చుట్లకి షాఫ్ట్ 49కి కాస్త తక్కువ తిరిగింది. వెనక 20 చుట్లకి 54కి కాస్త తక్కువ. తప్పేమో అని రెండోసారి కూడా చూశాం, అవే వచ్చాయి. టైర్లు పది చుట్లకి కొలిస్తే ముందుకీ వెనకకీ తేడా 3 సెంటీమీటర్లే.

ఇప్పుడు ఏ ఇరుసు అసలుది అని తెలుసుకోవడం ఎలా? బాగుచేసేదాకా బురదలో అయినా 4హెచ్ వాడుకోవచ్చా?


ఇరుసులెక్క:

తేలిపోయింది. ముందు 4.88, వెనక 5.38. పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 39 పళ్లయితే 4.875. అదే 8కి 43 అయితే 5.375. మీ అంకెలు అచ్చంగా వాటికే సరిపోయాయి. దీని అర్థం ఏమిటంటే, 4హెచ్ లో వెనక చక్రాలు వంద మీటర్లు నడిస్తే ముందు చక్రాలు 110 మీటర్లు నడవాలని చూస్తాయి. టైరు అరుగుదల వల్ల వచ్చే ఒక శాతం తేడాతో దీన్ని పోల్చలేం. మీ టైర్ల తేడా పది చుట్లకి 3 సెంటీమీటర్లే కాబట్టి వాటిని వదిలేయండి.

ఏది అసలుదో స్పీడోమీటర్ చెబుతుంది. దాని కేబులు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్ దగ్గరి గేరు నుంచి వస్తుంది, ఆ గేరుని కంపెనీ వెనక ఇరుసు నిష్పత్తికి తగ్గట్టే పెడుతుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని 2హెచ్ లో గంటకి 40 దగ్గర నిలకడగా నడపండి. టైర్లు కంపెనీ సైజువే అయి, మీటరు జీపీఎస్‌తో దాదాపు కలిస్తే వెనక ఇరుసు అసలుది, ముందుది మారింది. మీటరు పదో వంతు ఎక్కువ చూపిస్తుంటే వెనక ఇరుసు కూడా ఎప్పుడో మారి ఉండే అవకాశం ఉంది.

ఏది మార్చాలన్నది వేరే ప్రశ్న. 5.38 అయితే లాగుడు ఎక్కువ, రోడ్డు మీద అదే వేగానికి ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది. రోడ్డు వాడకం ఎక్కువైతే వెనక కూడా 4.88 చేసుకోవచ్చు, అప్పుడు స్పీడోమీటర్ గేరు కూడా చూసుకోవాలి. కొండదారి, బురద పనే ఎక్కువైతే ముందుని 5.38 చేయండి, మీటరు సమస్య ఉండదు. ఏదైనా క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. అవి ఒకదానితో ఒకటి నూరి జతచేసినవి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే ఊళ పెట్టి కొన్నాళ్లకే పళ్లు లేచిపోతాయి. బిగించాక క్రౌన్ పళ్ల మధ్య సందు డయల్ గేజీ పెట్టి కొలవాలి, ఈ తరహా ఇరుసులకి సాధారణంగా 0.13 నుంచి 0.20 మి.మీ. ఉంటుంది. పళ్లకి రంగు పూసి, ఆనవాలు పన్ను మధ్యలో పడుతోందా అని కూడా చూడాలి. పినియన్ లోతు తప్పితే సందు సరిపోయినా ఆనవాలు అంచుకి పోతుంది. చేతి అంచనాతో బిగించే చోట ఈ పని ఇవ్వకండి.

అప్పటిదాకా హబ్‌లు ఫ్రీలో ఉంచి 2హెచ్ లో నడపండి. బురదలో కూడా ఫోర్ వీల్ వద్దనే నా మాట.


రెండోలివరు:

ఒక్క విషయంలో ఇరుసులెక్క గారితో నేను పూర్తిగా ఏకీభవించను. బండి నిజంగా దిగబడిపోయి, నాలుగు చక్రాలూ మెత్తటి బురదలో ఉంటే, బయటికి రావడానికి పది ఇరవై మీటర్లు 4ఎల్ వాడినంత మాత్రాన ఏమీ విరగదు. అక్కడ టైరు ఎలాగూ జారుతోంది, ఆ పది శాతం తేడా జారుడులోనే కలిసిపోతుంది. గట్టి నేల తగలకముందే తీసేయాలి. రోజువారీ మట్టిరోడ్డు మీద మాత్రం వద్దన్నది నిజం. ముందు చక్రాలు ఎప్పుడూ ఎక్కువ తిరగాలని చూస్తాయి కాబట్టి వదులు గులక మీద అవి పట్టు తప్పి, స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంది. దిగుడు మలుపులో అది ప్రమాదం.


గ్రీజుడబ్బా:

హబ్‌ల సంగతి ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

లాక్‌లోనే ఉంచితే నష్టమా అంటే, లివరు 2హెచ్ లో ఉన్నంతవరకూ తారు రోడ్డు మీద కూడా ఏ నష్టమూ లేదు. ముందు హాఫ్ షాఫ్టులు, క్రౌన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊరికే తిరుగుతుంటాయి, మెలి పడదు. మెలి ట్రాన్స్‌ఫర్ కేస్ కలిపినప్పుడే పడుతుంది. ఈ తేడా చాలామందికి తెలియక, హబ్ లాక్ చేయడమంటేనే ఫోర్ వీల్ వేయడమని భయపడతారు. మీ బండికి నిష్పత్తి తేడా ఉన్నా సరే, 2హెచ్ లో హబ్‌లు లాక్ చేసి నడపవచ్చు, ముందు షాఫ్ట్ తన వేగంలో తను తిరుగుతుంది. పైగా నెలకోసారి అలా 15, 20 కిలోమీటర్లు నడపాలి. ముందు హౌసింగ్‌లో ఆయిల్ అడుగున నిలిచి ఉంటుంది. తిరగకపోతే పై పళ్లూ బేరింగులూ ఎండిపోయి తుప్పు పడతాయి, సీలు పెదవి షాఫ్ట్‌కి అంటుకుపోయి తర్వాత తిరిగినప్పుడు చిరుగుతుంది. మిగతా రోజుల్లో ఫ్రీలో ఉంచితే కొంచెం ఇంధనం, క్రాస్‌ల అరుగుదల, శబ్దం తగ్గుతాయి.

హబ్ నిజంగా పట్టుకుంటోందా అన్నది ఇలా చూడండి. వెనక చక్రాలకి దిమ్మెలు, లివరు 4హెచ్, రెండు హబ్‌లూ లాక్. ఒక ముందు చక్రం లేపి చేత్తో తిప్పండి. కొద్దిపాటి లూజు తప్ప తిరగకూడదు. తిరిగితే అదే పక్క హాఫ్ షాఫ్ట్‌ని చూడండి. చక్రం తిరుగుతూ షాఫ్ట్ కదలకపోతే ఆ పక్క హబ్ పట్టుకోవడం లేదు. షాఫ్ట్ కూడా తిరుగుతుంటే ఎదుటి పక్క హబ్ పట్టుకోవడం లేదు, అటు షాఫ్ట్ వెనక్కి తిరుగుతోంది. రెండో చక్రానికీ ఇదే చేయండి. ఒక పక్క హబ్ చెడితే ముందు ఇరుసు మొత్తం పనికిరాదు, ఎందుకంటే డిఫరెన్షియల్ బలాన్నంతా అటే వదిలేస్తుంది.

హబ్ పట్టుకోకపోవడానికి ఎక్కువగా కారణం గ్రీజు. తక్కువై కాదు, ఎక్కువై. చక్రం బేరింగుకి పెట్టే చిక్కటి గ్రీజుని హబ్ నిండా కూరేస్తారు. లోపల పళ్ల రింగుని ముందుకు తోసేది సన్నటి స్ప్రింగు. చిక్కటి గ్రీజులో అది కదల్లేదు. పైన గుండీ లాక్ చూపిస్తుంది, లోపల పళ్లు సగమే కలుస్తాయి. సగం పళ్ల మీద 4ఎల్ బలం పడితే అంచులు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత పట్టు నిలవక టకటక జారుతుంది.

విప్పి చూడాలంటే పై మూత స్క్రూలు, తర్వాత షాఫ్ట్ చివరి సర్క్లిప్, తర్వాత హబ్ బోల్టులు. కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పళ్ల అంచులు చదునుగా ఉన్నాయా, స్ప్రింగు వంగిందా, గుండీ కింద రబ్బరు రింగు పగిలిందా చూడండి. గ్రీజు బూడిద రంగుకి మారి ఉంటే నీళ్లు వెళ్లాయి, అప్పుడు చక్రం బేరింగులు కూడా విప్పాల్సిందే. బిగించేటప్పుడు పళ్ల మీద వేలితో పలచటి పొర రాస్తే చాలు. కాగితం గాస్కెట్ కొత్తది వేయండి. బోల్టుల్ని ఎదురెదురుగా బిగించండి, 8 మి.మీ. బోల్టులైతే 25 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో. హబ్ బాడీ నుంచి చక్రానికి బలమంతా ఈ బోల్టుల బిగింపు మీదే వెళుతుంది. వదులుగా ఉంటే అవి కోసుకుపోతాయి.

గుండీని చేతివేళ్లతోనే తిప్పాలి. పకడు పెట్టి తిప్పితే లోపలి కామ్ విరుగుతుంది. చివరిదాకా తిరగకపోతే బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో కదిపి మళ్లీ తిప్పండి.

హబ్ లాక్‌లో ఉండి ఫోర్ వీల్ వేసినప్పుడు స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి యాక్సిలరేటర్ తొక్కకండి. స్టీరింగ్ పిడికిలి (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు) లోపలి క్రాస్ జాయింట్ అప్పుడు పూర్తి కోణంలో ఉంటుంది, దాని చెవులు విరిగేది అక్కడే. కొంచెం స్టీరింగ్ వెనక్కి తిప్పి తొక్కండి.


నెమ్మదిగేరు:

4ఎల్ లోంచి లివరు జారడం గురించి. ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పే ముందు పై నుంచి మొదలుపెట్టండి, సగం సార్లు జబ్బు బయటే ఉంటుంది.

ముందు లివరు రబ్బరు బూటు తీసేయండి. 4ఎల్ వేసినప్పుడు లివరు నేల రేకు అంచుకి తగులుతోందా చూడండి. బాడీ కింది రబ్బర్లు అణిగిపోయినా, గేర్ బాక్స్ మౌంటు (పెట్టెని మోసే రబ్బరు దిమ్మె) తెగినా లివరు పూర్తి దూరం పోదు, స్లీవు పళ్లు మూడో వంతు కలిసి ఆగిపోతాయి. మీది యాక్సిలరేటర్ వదిలినప్పుడు జారుతోంది కాబట్టి మౌంటు మీద నాకు ఎక్కువ అనుమానం. ఇంజను లాగేటప్పుడు పెట్టె ఒక పక్కకి, ఆపేటప్పుడు ఇంకో పక్కకి ఊగుతుంది. మౌంటు తెగితే ఆ ఊగుడులో రేకే లివరుని తోసేస్తుంది. ముందు మెత్తటి మట్టి ఉన్న చోట, చుట్టూ మనుషులు లేకుండా చూసుకుని, 4ఎల్ మొదటి గేరులో మెల్లగా ముందుకి పోనిచ్చి యాక్సిలరేటర్ వదలండి. పక్క సీట్లో కూర్చున్నవారు బూటు రంధ్రంలోంచి లివరు కదలికని చూడాలి. అర అంగుళం కంటే ఎక్కువ ఊగితే మౌంటు మార్చండి. కొత్తది వేశాక చాలా బళ్లలో జారుడు అక్కడితో పోతుంది.

అది బాగుంటే షిఫ్టు రాడ్‌ని పట్టి ఉంచే గోళీ, స్ప్రింగు. బయటి నుంచి ఒక బోల్టు విప్పితే వస్తాయి, గోళీ లోపల పడిపోకుండా అయస్కాంతం పెట్టి తీయండి. స్ప్రింగు పొట్టిదైపోయి ఉంటే కొత్తది. రాడ్ మీద గోళీ కూర్చునే గాడి అరిగిపోయి ఉంటే రాడ్ కూడా మార్చాలి. ఇవీ బాగుంటే మిగిలింది లోపలే: ఫోర్కు అరుగుదల, స్లీవు పళ్ల అంచులు వాలిపోవడం, మధ్య షాఫ్ట్ త్రస్ట్ వాషర్లు అరిగి గేరు ముందుకూ వెనక్కూ ఆడటం. చేత్తో లివరు పట్టుకునో తాడుతో కట్టేసో నడపకండి. సగం కలిసిన పళ్లు రోజురోజుకీ వాలిపోతాయి, చిన్న స్ప్రింగుతో పోయే పని గేర్ల దాకా వస్తుంది.

ఈలోగా దిగుడులో ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. లివరు ఎన్ లోకి జారిందంటే ఇంజను బ్రేకు ఒక్కసారిగా పోతుంది. సరిచేసేదాకా నిటారు దిగుడు 4ఎల్ లో దిగకండి.

ఆయిల్ కూడా చూసుకోండి, హ్యాండ్‌బుక్ లేదంటున్నారు కదా. ఏ హౌసింగ్‌కైనా ముందు నింపే ప్లగ్ విప్పాలి, అది వస్తుందని తేలాకే కింది ప్లగ్. ఈ వరస తిరగబడితే ఖాళీ అయిన ఇరుసుతో నిలబడాల్సి వస్తుంది. మట్టం నింపే రంధ్రం కింది అంచు దాకా. ఇరుసులకి 80డబ్ల్యూ-90 (చిక్కదనం), జీఎల్-5 (గేర్ ఆయిల్ తరగతి). గేర్ బాక్స్‌లో ఇత్తడి, కంచు సింక్రో రింగులు ఉంటాయి కాబట్టి అక్కడ జీఎల్-4 వేయండి. జీఎల్-5 లోని గంధకం మందు వేడికి ఆ లోహాన్ని తింటుంది. ఈ తరహా పాత పళ్ల ట్రాన్స్‌ఫర్ కేసులు గేర్ ఆయిల్‌వే, కానీ గొలుసుతో నడిచే ట్రాన్స్‌ఫర్ కేసుల్లో చాలావాటికి ఆటోమేటిక్ గేర్ ఆయిల్ పోస్తారు. మీది ఏదో తెలియకుండా నింపవద్దు. గేర్ బాక్స్ మట్టం తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేస్ మట్టం పెరుగుతుంటే రెండింటి మధ్య సీలు పోయింది, ఆయిల్ బయటికి కారకపోయినా నష్టం నష్టమే.

కింది ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద ముద్ద ఉండటం సహజం. గోటికి తగిలే ముక్కలు ఉంటే విప్పాలి. ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న ఇరుసు ఒక్కసారి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని సీలు గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఇరుసు మీది చిన్న గాలి గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. దానికి పొడుగు రబ్బరు ట్యూబు తగిలించి ఇంజను గది పైదాకా తీసుకెళ్లి కట్టేయండి. నీళ్లలోకి దిగే ముందు పది నిమిషాలు ఆగి ఇరుసులు చల్లారనివ్వండి. దిగాక 4ఎల్ రెండో గేరులో ఒకే వేగంతో, మధ్యలో క్లచ్ తొక్కకుండా దాటండి. క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్యకి నీళ్లు చేరి జారుతుంది.


కొత్తస్టీరింగ్:

మౌంటు చూశానండి. కింది రబ్బరు ఇనుప పలక నుంచి పూర్తిగా విడిపోయి ఉంది, చేత్తో పట్టి లేపితే పెట్టె పైకి లేస్తోంది. కొత్తది తెప్పిస్తున్నాను. జీపీఎస్‌తో పోల్చితే స్పీడోమీటర్ సరిగ్గానే ఉంది, అంటే ముందు ఇరుసే మారిందన్నమాట. ముందుకి 8కి 43 జత వెతుకుతున్నాను. ఒకటే సందేహం, పాత బండి నుంచి తీసిన జత దొరికితే వేసుకోవచ్చా?


ఇరుసులెక్క:

జతగా, ఒకే హౌసింగ్ నుంచి తీసినదైతే వేసుకోవచ్చు. పినియన్ పళ్లన్నిటినీ వెలుతురులో చూడండి. మెరుపు ఉండవచ్చు, గుంటలు, నీలం రంగు ఉండకూడదు. వెనక ఇరుసు నుంచి తీసిన జత కొనేముందు వాళ్లని ఒకటి అడగండి: పళ్లు ఏ వైపు అరిగాయని. ముందు ఇరుసులో అదే జత పెడితే కొన్ని బళ్లలో లాగే బలం పన్ను రెండో వైపు పడుతుంది, అటు అరగకుండా ఉంటే మంచిదే, కానీ బిగింపు కొలతలన్నీ మొదటి నుంచి పెట్టాలి. పాత షిమ్‌లే (సందు సరిచేసే పలచటి రేకులు) వేసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బేరింగులు, పినియన్ సీలు కొత్తవే వేయండి. బిగించాక మొదటి 500 కిలోమీటర్లు బరువు లాగకుండా నడిపి, ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయండి. అప్పుడు మళ్లీ ఆ 20 చుట్ల లెక్క ఒకసారి చూసి, 54 దగ్గరికి వచ్చాకే హబ్‌లు లాక్ చేసి 4హెచ్ వేయండి.